మెరుపుకు అడ్డుపడిన తాళం

ఓతిలియా పెర్దోమోకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోక ఏం చేస్తుంది, ఊరికి వేరే పనేముంది? ఆ కోపం వెనక ఒక మనిషి కాలు ఉందని, ఆ కోపం వల్లే ఆవిడ కుర్చీ పోయిందని మాత్రం ఒక్కరూ చెప్పుకోరు. నోటికొకలా తిరిగే కథని ఒక్కసారైనా సరిగ్గా చెప్పుకోవాలి కదా.

ఆవిడ పుట్టింది లా పాల్మా దీవిలో, సముద్రం ఒడ్డున అరటితోటల మధ్య. వయసు వచ్చీ రాకముందే షెడ్డులో అరటి అత్తాలు కడిగే పనిలో పడింది. పెద్ద సిమెంటు తొట్టి, చన్నీళ్లు, చేతులనిండా జిగురు, పొద్దస్తమానం మేస్త్రీ తిట్లు. ఆ మేస్త్రీ ఒకరోజు పక్కన పనిచేసే పిల్లని చెంప మీద కొడితే, ఓతిలియా చేతిలో ఉన్న అత్తం ఎత్తి వాడి నెత్తిన వేసింది. పచ్చికాయలు, రాళ్లలా ఉన్నాయి. సాయంత్రానికల్లా పని పోయింది. మర్నాడు మబ్బులు దాటి కొండెక్కి, శిఖరం మీద టెలిస్కోపులు కట్టేచోట వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరింది. నడిపేవాళ్ల గదిలోకి కాఫీ పట్టుకెళ్లడం, వెళ్లినప్పుడల్లా అక్కడే నిలబడి ప్రశ్నలతో వాళ్ల ప్రాణం తోడెయ్యడం. చివరికి పరీక్షలు రాసి, పెద్దద్దం నడిపే కుర్చీలోనే కూర్చుంది. "ఈవిణ్ణి కూర్చోబెట్టేస్తేనే నయం, ప్రశ్నలైనా తగ్గుతాయి" అన్నాడట అప్పటి డైరెక్టరు. తగ్గలేదు.

పెద్దద్దం అన్నది పనివాళ్లు పెట్టుకున్న పేరు. దానికి పైకప్పు లేదు, గొట్టం లేదు. చిన్న చిన్న అద్దాలు వందలకొద్దీ పేర్చిన ఒక పళ్లెం, మేడంత ఎత్తు, గుండ్రటి పట్టాల మీద చక్రాలతో తిరుగుతుంది. దాని ఒళ్లంతా తేలిక గొట్టాలే, ఇనుము తక్కువ. ఎందుకంటే అది పరుగెత్తాలి. ఆకాశంలో ఎక్కడో గామా కిరణాల పేలుడు జరిగిందని ఉపగ్రహం నుంచి కబురు రాగానే, మనిషి చెయ్యి పడకుండా, తనంతట తానే గిర్రున తిరిగి అటు చూడాలి. ఆ పేలుడు బతికేదే కొన్ని క్షణాలు. కాఫీలో చక్కెర కరిగేలోపు ఆరిపోతుంది.

ఆ తొందరే ఎలాదియో కాలు తినేసింది. ఎలాదియో ఓతిలియా మొగుడు. అద్దాలు తుడవడం, చక్రాలకు గ్రీజు పెట్టడం అతని పని. ఒకనాడు పొద్దువాలే వేళ అతను చక్రం పక్కన వంగి ఉండగానే లోపల ఎవరో యంత్రాన్ని రాత్రికి సిద్ధంగా పెట్టేశారు. కబురు వచ్చింది. పెద్దద్దం తిరిగింది. ఎవరూ మీట నొక్కలేదట, కాబట్టి ఎవరిదీ తప్పు కాదట. పట్టాకీ చక్రానికీ మధ్య నుంచి అతన్ని లాగి, భుజాన వేసుకుని కారుదాకా పరుగెత్తినవాడు సెవెరో. పనిలో ఎలాదియో జతగాడు, వాళ్ల కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, ఆ వరసనే ఓతిలియాని 'కొమద్రే' అని పిలిచే మనిషి. ఎలాదియోకి మోకాలి కింద ఏమీ మిగల్లేదు.

ఆసుపత్రి నుంచి ఓతిలియా ఇంటికి పోలేదు. నేరుగా వచ్చి డైరెక్టరు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. తను లేవదు, ఇంకొకర్ని లోపలికి పోనివ్వదు. "కాలు తెచ్చివ్వండి, లేదంటే తాళం ఇవ్వండి" అంది. తాళమే ఇచ్చారు. ఆనాటి నుంచి పెద్దద్దం చుట్టూ ఉన్న కంచె లోపల అడుగుపెట్టే ప్రతి మనిషీ మోటార్ల కరెంటు మీట దించి, దానికి తన పేరున్న తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని పోవాలి. ఒక్క తాళం వేలాడుతున్నా మోటార్లకు కరెంటు అందదు. ఎవరి తాళం వాళ్లే తియ్యాలి, దేవుడు దిగొచ్చినా ఇంకొకరు తియ్యకూడదు. పనివాళ్ల పెళ్లాలు ఆ తాళాలకు దీవిని కాచే మంచుల మాత పాదాలకు తాకించిన రిబ్బను ముక్కలు కట్టారు. సెవెరోకి పెళ్లాం లేదు. అతని తాళానికి నీలం రిబ్బను ఓతిలియానే కట్టింది.

మయాలెన్ వచ్చేసరికి ఇదంతా పాతబడింది. మయాలెన్ అవతల పెద్దదేశం నుంచి వచ్చిన బాస్కు జాతి పిల్ల, ఖగోళశాస్త్రంలో డాక్టరు. వచ్చిన రోజు నుంచీ దగ్గర్లో జరిగే ఒక మంచి పేలుడు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. పనికి ముందు వంటింట్లో ఓతిలియా ఎదురుగా కూర్చుని, ఉప్పునీళ్లలో ముడతలుపడేలా ఉడికిన బంగాళాదుంపల్ని ఎర్ర మోహో పచ్చడిలో ముంచుకు తినడం అలవాటు.

"అమ్మాయ్, ఒకటడుగుతా, కోప్పడకు," అంది ఓతిలియా ఒకనాడు. "కృష్ణబిలం వెలుగుని కూడా బయటికి పోనివ్వదంటారు. మళ్లీ మీరే, లోకంలోకెల్లా పెద్ద మెరుపు దాని దగ్గర్నించే వస్తుందంటారు. మీ చదువులో ఎక్కడో చిల్లుంది."

మయాలెన్ నవ్వింది. "బిలంలోంచి రాదండీ. అందులో పడేదాన్నించి వస్తుంది. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువున్న నక్షత్రం ఉందనుకోండి. లోపల మండేది అయిపోయింది. నడిమధ్య భాగం తన బరువుకి తనే కుప్పకూలి బిలమైపోయింది. పైన మిగతా నక్షత్రానికి ఇంకా సంగతి తెలీదు, ఎప్పట్లాగే ఉంటుంది. తర్వాత అదీ లోపలికి పడటం మొదలవుతుంది."

"పడితే మింగేస్తుంది. అయిపోయే."

"తిన్నగా పడితే అంతే. కానీ నక్షత్రం తిరుగుతుంటుంది కదా, తిరిగేదానికి తిన్నగా పడటం కుదరదు."

ఓతిలియా నమలడం ఆపింది. "తొట్టిలో నీళ్లలాగా," అంది. "షెడ్డులో బిరడా లాగితే సుడి తిరిగేవి. అరటి ఈనెలు అంచునే గిరగిరా తిరిగేవి కానీ ఓ పట్టాన దిగేవి కావు."

"ఆఁ, అదే! బిలం చుట్టూ అలా పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంది. లోపలి వరస గబగబా, బయటి వరస నెమ్మదిగా. ఒకదాన్నొకటి రాసుకుని కాగిపోతాయి. అందులోని అయస్కాంత బలం మెలికలు పడిపోయి, పడాల్సినదాంట్లో కొంచెం పడకుండా అటొక ధార, ఇటొక ధారగా చిమ్ముకొస్తుంది. దాదాపు వెలుగంత వేగం. ఆ ధార నక్షత్రాన్ని లోపల్నించి తొలుచుకుని బయటపడుతుంది. అది మన వైపు తిరిగుంటే మనకి మెరుపు. సూర్యుడు జన్మంతా మండినా ఇవ్వలేనంత, కొన్ని క్షణాల్లో."

"తర్వాత?"

"తర్వాతేముంది, మేత పడుతున్నంతసేపే. పడేది అయిపోతే ఇంజను ఆగిపోతుంది."

ఓతిలియా దుంప పక్కన పెట్టేసింది. "అంటే మింగేది చీకట్లో కూర్చుని మింగుతుంది. పడేవాళ్లు ఒకళ్లనొకళ్లు రాసుకుని కాలిపోతుంటే, లోకం ఆహా ఓహో అంటుంది. భేష్. మా ఆయన కాలికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు."

మయాలెన్ ఇంకో దుంప తీసుకుని పచ్చడిలో ముంచింది.

ఆ వేసవి పండగ వేసవి. అయిదేళ్లకోసారి మంచుల మాతని కొండగుడి నుంచి పట్నంలోకి దించుతారు, దీవిలో ఒక్కడు ఇంట్లో ఉండడు. ఆ వారంలో మరుగుజ్జుల ఆట ఆడతారు; దానికి నెలల ముందు నుంచే ఎవరికీ తెలియకుండా సాధన చేస్తారు. నిలువెత్తు మగాళ్లు పాటపాడుతూ గుడారంలోకి ఒక పక్కనుంచి పోయి, కన్నుమూసి తెరిచేలోపు రెండో పక్కనుంచి పెద్ద పెద్ద టోపీల కింద మరుగుజ్జులైపోయి వచ్చి పోల్కా దరువుకి అడుగులు తొక్కుతారు. ఆ టోపీల కింద ఎవరున్నారో కన్నతల్లికి కూడా చెప్పకూడదు. తెలిసినా పైకి అనకూడదు. అన్నవాడికి ఆ దీవిలో పిల్లనివ్వరు, పక్కన కూర్చోనివ్వరు.

జూలై మొదట్లో, పొద్దు సముద్రంలో దిగి చీకటి ఇంకా చిక్కబడకముందే, నడిపేవాళ్ల గదిలో గంట మోగింది. తెర మీద అంకెలు చూసి మయాలెన్ గభాలున లేచింది.

"దగ్గరిది! ఓతిలియా గారూ, చాలా దగ్గరిది! ఇంత వెలుగున్నది నేనెప్పుడూ చూళ్లేదు. అయ్యో, పడమటి వైపు, కొండ అంచుకి దిగిపోతోంది. తిరుగుతోందా? ఏదీ, తిరగదేం?"

పెద్దద్దం తిరగలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు: మోటార్లకు కరెంటు లేదు.

ఓతిలియా టార్చి పట్టుకుని మీటల గదికి పరుగెత్తింది. మీటకి ఒకే ఒక్క తాళం వేలాడుతోంది. నీలం రిబ్బను. సెవెరో.

బయట అతని పని వ్యాను నిలిపిన చోటే ఉంది. పెద్దద్దం నిచ్చెన మొదట్లో అతని కోటు తగిలించి ఉంది. ఫోను చేస్తే ఆ కోటు జేబులోనే మోగింది. పేరు పెట్టి అరిచింది, గాలి తప్ప జవాబు లేదు. ఓతిలియా టార్చి పైకెత్తి గొట్టాల మధ్య వెలుగు వేసింది. ఎక్కడో గొట్టాల మధ్య పడి ఉంటాడు, తల పగిలి ఉంటుంది, నోట మాట రాని స్థితిలో ఉంటాడు.

ఆవిడ మీటల గదికి తిరిగొచ్చేసరికి మయాలెన్ పనిముట్ల గది నుంచి పొడుగు పిడుల ఇనుప కత్తెర మోసుకొచ్చింది. ఆయాసంతో మాట తడబడుతోంది. "కెమెరాలన్నీ చూశాను, ఎవరూ లేరు. తాళం మర్చిపోయి పోయుంటాడు. కోసెయ్యండి!"

"వ్యాను ఇక్కడుంది, కోటు ఇక్కడుంది, ఫోను ఇక్కడుంది. మనిషేమయ్యాడే, గాల్లో కలిశాడా?"

"పిలిచారు కదా, పలకలేదు కదా!"

"పలకలేనివాడి కోసమే తాళం! పలికేవాడికి తాళమెందుకు, నోరుంది కదా!"

"ఓతిలియా గారూ, మీ కాళ్లు పట్టుకుంటా. మొదటి క్షణాలు పోయాయి, పోనీ. ధార వెళ్లి చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకుని ఇంకా మెరుస్తుంటుంది, అదైనా దక్కుతుంది. అదీ దిగిపోతోంది. నా జన్మలో మళ్లీ రాదు ఇలాంటిది!"

"ఇంకో నక్షత్రం చస్తుంది. సెవెరో ఒక్కడే ఉన్నాడు."

గోడ మీది ఫోను మోగింది. కింద పట్నంలో ఉన్న డైరెక్టరు దొన్ ఫాబ్రిసియో. ఆయనకి అప్పుడే కబురందింది. "తాళం కొయ్యండి. నేను చెబుతున్నా, బాధ్యత నాది."

"మీ బాధ్యత మా ఇంట్లో మంచం పక్కన నిలబెట్టి ఉందండీ," అంది ఓతిలియా. "పొద్దున్నే మా ఆయన దాన్ని మోకాలికి తగిలించుకుంటాడు. ఒకసారి వచ్చి చూసిపోండి."

ఫోను పెట్టేసింది. మయాలెన్ కత్తెర నోట్లో తాళం కొక్కెం పెట్టబోతోంది. ఓతిలియా కత్తెర లాక్కుని, బయటికి నడిచి, కొండ అంచు దాకా వెళ్లి, లోయలోకి విసిరేసింది. అది రాళ్ల మీద కొట్టుకుంటూ దిగడం చాలాసేపు వినిపించింది. మయాలెన్ ఒక బూతు మాట అంది. ఆ పిల్ల నోట అలాంటి మాట ఓతిలియా ఎన్నడూ వినలేదు.

తర్వాత ఆవిడ నిచ్చెనెక్కింది. యాభై దాటిన మనిషి, పెద్ద గాలి, చేతిలో టార్చి. ఒక్కొక్క నడవా, ఒక్కొక్క అద్దం వెనక వెతికింది. "సెవెరో! ఒరేయ్ నాయనా, ఒక్క మూలుగు మూలగరా!" అని ఏడ్చింది. పడమట ఆ మెరుపు కొండ అంచు కిందికి దిగిపోయింది. మయాలెన్ మీటల గది గుమ్మంలో కూలబడి మోకాళ్లలో తల దాచుకుంది. ఆ మెరుపుని లోకంలో ఇంకెక్కడో, ఇంకెవరో పట్టుకున్నారు.

అప్పుడు కొండ మలుపులో చేపల వ్యాను ఒకటి మూలుగుతూ వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులోంచి సెవెరో దిగాడు. చెమటతో తడిసిన చొక్కా, నోట సోంపు సారా వాసన, పెదాల మీద ఈల. పోల్కా ఈల.

నిచ్చెన దిగి వస్తున్న ఓతిలియాని చూసి ఈల ఆగిపోయింది. "కొమద్రే? ఏమైంది? చీకటి పడేలోపు వచ్చేద్దామనే అనుకున్నా, దారిలో టైరు..."

ఆవిడ చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. అతను తప్పుకోలేదు.

"లోపల చచ్చావనుకున్నా గదరా! నీ కోటు చూసి ఏడ్చాను గదరా, సన్నాసీ! కోటు కావాలని తగిలించావు. తాళం కావాలని వేశావు. పనిలోనే ఉన్నానని అందరూ అనుకోవాలని!"

"నెమ్మదిగా, కొమద్రే. నీకు తెలుసు కదా. ఎక్కడికి పోయానని అడిగితే ఏం చెప్పను? చెప్పకూడదు కదా."

తెలుసు. ఈల వినగానే తెలిసింది. "ఎలాదియోని ఆ చక్రం కింద నుంచి లాగింది నువ్వే," అంది. "ఆ నెత్తురు నీ చొక్కా మీదే ఎండింది. ఆ తాళమంటే ఏంటో లోకంలో ఒక్కడికి తెలియాలంటే నీకు తెలియాలి. నువ్వా దానితో అబద్ధం ఆడించావు? తాళం తియ్. తీసి నా కళ్ల ముందు నించి పో."

సెవెరో మెడలోని తాళంచెవితో తాళం తీశాడు.

వారం తిరక్కుండా డైరెక్టరు అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు. చేతిలో టైపు చేసిన కొత్త నిబంధన. తాళం తాలూకు మనిషిని రెండుసార్లు పిలిచినా పలక్కపోతే, అప్పుడు విధిలో ఉన్న అధికారి తాళం కోసెయ్యొచ్చు.

"ముందు ఇది తేలాలి," అన్నాడు దొన్ ఫాబ్రిసియో. "సెవెరో, ఆ సాయంత్రం ఎక్కడున్నావు?"

సెవెరో నేల చూశాడు. వంటమనిషి పైకప్పు చూసింది. డ్రైవరు తన బూట్లు చూసుకున్నాడు. దీవివాళ్లందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఒక్కరి పెదవీ కదల్లేదు. బయటి నుంచి వచ్చిన డైరెక్టరు, మయాలెన్ మాత్రం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

ఒక్క మాట చెబితే తప్పంతా సెవెరో మీదికి పోయి ఓతిలియా బయటపడుతుంది, కుర్చీ నిలుస్తుంది. అందరూ కళ్లతోనే బతిమాలుతున్నారు, చెప్పొద్దని. ఆ మౌనం చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది. పండగ కోసం నోళ్లు కుట్టుకున్న ఈ పెద్దమనుషుల్లో, ఆవిడ కుర్చీ కోసం నోరు విప్పేవాడు ఒక్కడూ లేడు.

"లోపల లేడు," అంది లేచి. "ఎక్కడున్నాడో నేను చెప్పను, చావండి. తాళం అబద్ధమే ఆడింది. చాలా?"

"మరి అలాంటి తాళాన్ని మనం ఇంకా పట్టుకు వేలాడటం దేనికి?" అన్నాడు డైరెక్టరు. "ఒక మనిషి అబద్ధం వల్ల ఎంత పోయిందో డాక్టరుగారిని అడగండి."

"అడుగుతా." ఓతిలియా మయాలెన్ వైపు తిరిగింది. "అమ్మాయ్, కాగితం మీద సంతకాలు పెట్టుకోండి, నాకేం? రేపు పళ్లెం నడిమధ్య కెమెరా తీగ సరిచెయ్యాలన్నావు. నువ్వే ఎక్కు. నేను కుర్చీలో కూర్చుంటా. పొద్దువాలుతుంది, కబురొస్తుంది. రెండుసార్లు పిలుస్తాను. గాలి హోరులో నీకు వినపడదు. అయినా నిబంధన ఉందిగా, కోసేసి తిప్పేస్తా. ఎక్కుతావా?"

మయాలెన్ కళ్లు ఇంకా వాచే ఉన్నాయి, కోపం ఇంకా తగ్గలేదు. ఓతిలియా వంక చూసిన చూపులో ప్రేమ ఇసుమంత కూడా లేదు.

"ఎక్కను," అంది. "మిమ్మల్ని నేను క్షమించను, ఓతిలియా గారూ. కానీ ఎక్కాల్సి వస్తే నా తాళం వేసుకునే ఎక్కుతా. దాన్ని ఎవరైనా కోస్తారంటే అసలు ఎక్కను. నేను సంతకం పెట్టను."

మిగతావాళ్లూ పెట్టలేదు. డైరెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళాలు మిగిలాయి. అయితే ఆయన మాట కాదన్నందుకు, కత్తెర లోయలో పారేసినందుకు ఓతిలియాని కుర్చీలోంచి దించి, కొండ కింద సందర్శకుల గదిలో వేశారు. సెవెరోకి కొన్నాళ్లు పని ఆపారు, అంతే. ఏం న్యాయం, చెప్పండి!

ఆ సాయంత్రమే సెవెరో ఓతిలియా ఇంటికొచ్చాడు. గుమ్మం దాటకుండా టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "నేను ఈసారి... ఆ పనికి పోను, కొమద్రే. వాళ్లతో చెప్పేస్తా."

ఓతిలియా మేకపాల జున్ను కోస్తూనే ఉంది. ఎలాదియో నింపాదిగా కట్టుడు కాలు విప్పి బల్ల మీద, రొట్టె పక్కన పెట్టాడు. "దీనికో టోపీ పెట్టి తీసుకుపోరా," అన్నాడు. "నీ బదులు ఇదే తొక్కుతుంది. దీనికి అబద్ధాలు రావు."

సెవెరో భోరున ఏడ్చాడు. ఓతిలియా అప్పుడు కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"పోతావు," అంది. "పోకపోతే నా చేతిలో చస్తావు. ఆ పిల్ల మెరుపు పోయింది, నా కుర్చీ పోయింది. దేనికోసం పోయాయో అదైనా సరిగ్గా జరగాలి. ఆడి చావు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."

సందర్శకుల గదిలో బడిపిల్లలు వస్తే ఓతిలియా ఇప్పుడు కృష్ణబిలం బొమ్మ చూపిస్తుంది. "అదిగో, నడుమ నల్లగా ఉంది చూడండి, అది వెలగదు, దానికంత సీను లేదు. వెలిగేదంతా అందులో పడేదే, పడలేక తిరిగేదే. ఎవరైనా బిలం గొప్పదని చెబితే నమ్మకండి" అని గద్దిస్తుంది. టీచర్లు బెదిరిపోతారు. పిల్లలకి మాత్రం బాగా నచ్చుతుంది.

ఆ వేసవి పండగ రానే వచ్చింది. పట్నం వీధుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఓతిలియా, ఎలాదియో వరసలో ముందే నిలబడ్డారు, కాలు లేనివాడని జనం దారిచ్చారు. బ్యాండు మోగింది. పొడుగాటి మనుషులు గుడారంలోకి పోయారు, మరుగుజ్జులు దుమికారు. జనం గొంతు చించుకుని అరిచారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పెద్ద టోపీలు, బొద్దు బుగ్గల బొమ్మ మొహాలు, అన్నీ ఒకేలా నవ్వుతున్నాయి. ఎవరు ఎవరో దేవుడికి తెలియాలి.

వాళ్ల ముందుకొచ్చేసరికి ఒక మరుగుజ్జుకి అడుగు తప్పింది. ఎలాదియో కట్టుడు కాలి దగ్గర వాడు సరిగ్గా ఒక్క క్షణం ఆగిపోయాడు. వెనకవాడు వచ్చి గుద్దుకున్నాడు. జనం "అయ్యో" అన్నారు.

ఓతిలియా గొంతు బ్యాండుని మించి లేచింది. "సరిగ్గా తొక్కరా, దొంగసచ్చినోడా! ఏం పోగొట్టుకుని నీ ఆట చూడ్డానికొచ్చామో నీకేం తెలుసు!"

చుట్టూ జనం పగలబడి నవ్వారు, పండగ సరసమనుకున్నారు. మరుగుజ్జు టోపీ సర్దుకుని, వరస అందుకుని, ప్రాణం పోయేలా తొక్కాడు. ఆ తర్వాత ఒక్క అడుగూ తప్పలేదు. ఎలాదియో పెళ్లాం మోచెయ్యి పట్టుకుని నవ్వాడు. ఓతిలియా నవ్వలేదు. చేతులు కట్టుకుని, కన్నార్పకుండా, ఆ ఒక్క టోపీనే చూస్తూ ఆట అయ్యేదాకా నిలబడింది.